ఆదివారం ఉదయం నేనొక్కదాన్నే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. ఇంట్లో ఒకరు క్రీస్తును నమ్ముతారు, రెండోవారు ఏ దేవుణ్ణీ నమ్మరు, ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టమే. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాను, ఎందుకంటే అందులో అడిగిన దానికంటే అడగడానికి భయపడ్డది ఎక్కువుంది. ఉత్తరాలను కొంచెం కుదించాం.

ప్రశ్న: నాకు పెళ్లయి ఐదేళ్లు. పుట్టినప్పటి నుంచీ క్రైస్తవ కుటుంబంలోనే పెరిగాను, పదహారో ఏట బాప్తిస్మం తీసుకున్నాను. మావారు ఏ మతాన్నీ పాటించరు, దేవుడున్నాడని తనకు అనిపించదని పెళ్లికి ముందే చెప్పారు. అయినా అప్పట్లో నాతో మందిరానికి వచ్చేవారు, మెల్లగా మారతారులే అనుకున్నాను. పాప పుట్టాక రావడం మానేశారు. నమ్మకం లేకుండా అక్కడ నిలబడుతుంటే అబద్ధం ఆడుతున్నట్టుంది అన్నారు. ఇప్పుడు ఆదివారం ఉదయం పాపను ఎత్తుకుని నేనొక్కదాన్నే వెళ్తున్నాను. ప్రతివారం ఎవరో ఒకరు 'మీ ఆయన కోసం ప్రార్థిస్తున్నాం' అంటారు. రోజూ పొద్దున్నే ఆయన ఫోన్‌కి ఒక బైబిలు వాక్యం పంపిస్తాను, ఈమధ్య తెరిచి కూడా చూడట్లేదు. అవిశ్వాసితో జోడు కట్టి నేను పాపం చేశానా? ఆయన చాలా మంచివారు, నన్ను ఎప్పుడూ ఆపలేదు. కానీ చనిపోయాక ఇద్దరం ఒకచోట ఉండమేమో అన్న ఆలోచన వస్తే రాత్రుళ్లు నిద్ర పట్టదు. పాపను ఎలా పెంచాలో కూడా తెలియట్లేదు.

జవాబు: ముందు పాపం సంగతి చెప్పేస్తానమ్మా, అది తేలితే తప్ప మిగతావి మీ మనసుకెక్కవు. మీకు అందరూ చూపించే వచనం 2 కొరింథీ 6:14 (బైబిల్లో పౌలు కొరింథు సంఘానికి రాసిన రెండో పత్రిక), అవిశ్వాసులతో జోడుగా ఉండవద్దన్నది. ఎద్దునీ గాడిదనీ ఒకే కాడికి కట్టి దున్నవద్దన్న ద్వితీయోపదేశకాండం మాటను (22:10) అది గుర్తుచేస్తుంది. అక్కడ పౌలు పెళ్లి ప్రస్తావన తేలేదు. అయినా పెళ్లి గురించి ఇంకా ఆలోచిస్తున్నవాళ్లకు సంఘాలు దీన్ని చెప్పడం నాకు తప్పనిపించదు, కాడి మీద పడే బరువు నిజమైనదే. కానీ మీకు పెళ్లయిపోయింది. అయిపోయినవాళ్ల గురించి అదే పౌలు అదే సంఘానికి రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయంలో, 12 నుంచి 16 వరకు, విడిగా రాశాడు. కొరింథులో కొత్తగా క్రీస్తును నమ్మినవాళ్లలో కొందరి భర్తలు, కొందరి భార్యలు నమ్మలేదు, వాళ్లతో కాపురం చేయవచ్చా అన్నది అక్కడి సమస్య. నమ్మని భర్త కలిసి ఉండటానికి ఇష్టపడితే భార్య అతన్ని విడిచిపెట్టకూడదని పౌలు తేల్చి చెప్పాడు. ఇది ప్రభువు ఆజ్ఞ కాదు, నేను చెబుతున్నాను అని కూడా దాచకుండా రాశాడు. వాళ్ల పిల్లలు పవిత్రులే అన్నాడు. మీ కాపురాన్ని పాపం అనేవాళ్ల ముందు ఈ అయిదు వచనాలు తెరిచి పెట్టండి.

ఇక ఆ మెసేజ్‌లు. రేపటి నుంచి ఆపేయండి. నమ్మని భర్తలున్న స్త్రీల గురించి 1 పేతురు 3వ అధ్యాయం మొదట్లోనే ఉంది చూడండి, మాట అవసరం లేకుండా, నడవడి చూసి వాళ్లు మారవచ్చని. మీరేమో పొద్దున లేస్తూనే మాటతోనే మొదలుపెడుతున్నారు. మీరు ప్రేమతోనే పంపుతున్నారని నాకు తెలుసు. కానీ ఆయన వైపు నుంచి ఒక్కసారి చూడండి. కళ్లు తెరిచి ఫోన్ పట్టుకుంటే, నువ్వు ఇంకా సరిపోలేదు, ఇంకా మారాల్సింది ఉంది అని రోజూ గుర్తుచేసే మెసేజ్ ఒకటి వచ్చి ఉంటుంది. అయిదేళ్లుగా. పెళ్లికి ముందే నిజం చెప్పిన మనిషికి ఇది అన్యాయం. ఆయన అబద్ధమాడి మిమ్మల్ని చేసుకోలేదు. మారతారులే అని మీరు మనసులో అనుకున్నారు, ఆ మాట ఆయనకు చెప్పలేదు. ఇద్దరిలో మాట దాచింది మీరే. కటువుగా ఉంటే క్షమించండి, కానీ ఇది ఒప్పుకుంటే మీకే తేలికవుతుంది.

మందిరంలో పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ బాధ నాకు అర్థమవుతుంది. లోకంలో నాకొక్కదానికే ఇలా అని మీకు అనిపిస్తుంటుంది, అది నిజం కాదు. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ 2014లో చేసిన సర్వేలో, 2010 తర్వాత పెళ్లయినవాళ్లలో 18 శాతం మంది సంసారాల్లో ఒకరు క్రైస్తవులు, రెండోవారు ఏ మతానికీ చెందనివారు. 1960కి ముందు పెళ్లయినవాళ్లలో అలాంటివి 5 శాతమే. 'ప్రార్థిస్తున్నాం' అనేవాళ్లతో మాత్రం మెల్లగా ఒక మాట అనండి, మా ఇంటి కోసం ప్రార్థించండి, ఆయన పేరెత్తి అందరి ముందూ చెప్పకండి అని. ఒక మనిషి లోపలి నమ్మకం ఊరందరి ముందూ ప్రార్థన విన్నపం కావడం ఆయనకు తెలిస్తే ఎలా ఉంటుంది? ఆయన మళ్లీ ఒకరోజు ఆ గుమ్మం తొక్కాలనుకున్నా, ఆ చూపులకు భయపడి ఆగిపోతారు.

ఆయన మిమ్మల్ని ఆపలేదన్న మాటను మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. సుమారు 1800 ఏళ్ల కిందట ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో టెర్టులియన్ అనే క్రైస్తవ రచయిత తన భార్యకు రాస్తూ, తాను పోయాక ఆమె క్రైస్తవేతరుణ్ణి చేసుకుంటే ఎలా ఉంటుందో చెప్పాడు: భార్య ఉపవాసం ఉండాలనుకున్న రోజే భర్త ఇంట్లో విందు పెట్టుకుంటాడు, ఆమె ప్రార్థనకు బయల్దేరే వేళకు స్నానశాలకు రమ్మంటాడు. మీ ఇంట్లో ఆదివారం ఉదయం అలా ఏమీ జరగట్లేదు. అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు నిద్ర పట్టనివ్వని ఆ భయం దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో అసలు సంగతి అదేనని నాకు అనిపించింది. ఈ భయంతో నలభై ఏళ్లకు పైగా కాపురం చేసిన ఒక ఆవిడ గురించి చెబుతాను. చార్లెస్ డార్విన్ 1839 జనవరిలో మేనమామ కూతురు ఎమ్మాను పెళ్లి చేసుకున్నాడు. ఆమెది గట్టి క్రైస్తవ విశ్వాసం, అతనికి అప్పటికే సందేహాలు, తర్వాత్తర్వాత ఆ విశ్వాసం పూర్తిగా పోయింది. పెళ్లయిన కొత్తలో ఆమె అతనికి ఒక ఉత్తరం రాసింది. మనమిద్దరం శాశ్వతంగా ఒకరికొకరం కామేమో అనుకుంటే తనకు చాలా దుఃఖంగా ఉంటుందని అందులో చెప్పుకుంది. చూశారా, అక్షరాలా మీ భయమే. అతను దానికి వాదనలు రాసి తిప్పికొట్టలేదు. ఆ ఉత్తరాన్ని జీవితాంతం దాచుకున్నాడు. దాని చివర తన చేత్తో, నేను పోయాక తెలుసుకో, ఎన్నోసార్లు దీన్ని ముద్దుపెట్టుకుని ఏడ్చాను అని రాసుకున్నాడు. 1851లో పదేళ్ల కూతురు ఆనీ చనిపోయిన దుఃఖాన్ని కూడా ఒకరు నమ్మకంతో, ఒకరు నమ్మకం లేకుండా, కలిసే మోశారు. ఆదివారాలు ఆమె పిల్లలతో చర్చికి వెళ్తుంటే అతను నడకకు వెళ్లేవాడు. 1882లో అతను పోయేవరకూ ఆ కాపురం నిలిచింది. ఆమె భయం తీరిందని నేను అనను, తీరినట్టు దాఖలా లేదు. కానీ ఆమె దాన్ని అతనికే చెప్పింది, సంఘంలో వాళ్లకు చెప్పి ఊరుకోలేదు.

మీరూ ఆ పని చేయండి. మీరు మారకపోతే ఏమవుతారో అని కాకుండా, 'మిమ్మల్ని పోగొట్టుకుంటానేమోనని నాకు భయంగా ఉంది' అని చెప్పండి. మొదటి మాట వింటే ఎవరైనా వాదనకు దిగుతారు, రెండోది వింటే చెయ్యి పట్టుకుంటారు. ఆయన దగ్గర దీనికి సమాధానం ఉండదు. ఉండనక్కర్లేదు కూడా.

పాప సంగతికి నా ఇంటి కథే చెప్పాలి. మా అమ్మ విశ్వాసి, నాన్న ఏ దేవుణ్ణీ నమ్మేవారు కాదు. భోజనం ముందు అమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. నాన్న కళ్లు మూసుకునేవారు కాదు గానీ, అమ్మ ఆమెన్ అనేదాకా చెయ్యి కంచంలో పెట్టేవారు కాదు. చిన్నప్పుడు నేను ఒక కన్ను తెరిచి నాన్న ఏం చేస్తున్నారా అని దొంగచూపు చూసేదాన్ని. ప్రతిసారీ ఆయన అమ్మ ముఖం వైపే చూస్తూ ఉండేవారు. అమ్మ నమ్మేది ఇది, నాన్న నమ్మేది ఇది అని నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, ఆ భోజనాల దగ్గరే తెలిసిపోయింది, తెలిసినందుకు నాకేం గందరగోళం కలగలేదు. గందరగోళం కలిగింది ఒకేసారి. ఏడేళ్లప్పుడు దూరపు బంధువు ఒకావిడ నన్ను పక్కకు పిలిచి, మీ నాన్న నరకానికి పోకుండా ఉండాలంటే నువ్వే ఏడ్చి ప్రార్థించాలి, నాన్నకు మాత్రం చెప్పకు అంది. వారం రోజులు నేను నిద్రపోలేదు. నాన్న దగ్గితే లేచి కూర్చునేదాన్ని. అమ్మకు ఎలాగో తెలిసి, నన్ను నాన్న దగ్గరికే తీసుకెళ్లి, ఆ మాటంతా ఆయన ముందే నాచేత చెప్పించి, 'అది మోయడం నీ పని కాదు' అంది. నాన్న ఏమీ అనలేదు, ఆ రాత్రి నన్ను తన పక్కనే పడుకోబెట్టుకున్నారు.

కాబట్టి పాపను మందిరానికి తీసుకెళ్లండి, పాటలు నేర్పండి, బైబిలు కథలు చెప్పండి, అది మీ హక్కు. 'నాన్న ఎందుకు రారు?' అని పాప అడిగిన రోజున మీరు జవాబు చెప్పకండి, వెళ్లి నాన్ననే అడగమనండి. ఆయన చెప్పేటప్పుడు గదిలోంచి వెళ్లిపోకుండా, ముఖం మార్చకుండా కూర్చోవడం మీకు కష్టమైన పనే, కానీ చేయాలి. పాపకు బాప్తిస్మమో, బిడ్డను దేవునికి అప్పగించే ప్రతిష్ఠో ఏదైనా ఆయనకు తెలియకుండా చేయించవద్దు. ఇలా చాటుగా చేయించిన ఇళ్ల నుంచి నాకు ఉత్తరాలు వస్తుంటాయి, వాటిలో నమ్మకం మాట ఎక్కడా ఉండదు, మోసం అన్న మాటే పేజీ నిండా ఉంటుంది. దశమభాగం (సంపాదనలో పదో వంతు మందిరానికి ఇచ్చే కానుక) కూడా అంతే. ఇద్దరి సంపాదనా కలిసిన డబ్బులోంచి ఇస్తుంటే ఎంత ఇస్తున్నారో ఆయనకు తెలిసి ఉండాలి.

మా అమ్మకు పెద్దయ్యాక చూపు బాగా తగ్గింది. రాత్రిపూట బైబిలు అధ్యాయం చదవలేకపోయేది. నాన్న చదివి వినిపించడం మొదలుపెట్టారు. పేర్ల జాబితాలు వచ్చినప్పుడు తడబడేవారు, మధ్యలో ఆగి ఇక్కడ ఎవరు ఎవరితో అంటున్నారు అని అడిగేవారు, అమ్మ చెప్పేది. చివరిదాకా ఆయన నమ్మలేదు. ఆ సంగతి అమ్మకు తెలుసు, అయినా చదివించుకునేది.

ప్రశ్న: నాది ఏ మతమూ కాదు, బాప్తిస్మం లాంటిది ఏదీ జరగలేదు. నేను పెళ్లి చేసుకోబోయే అమ్మాయి కేథలిక్. పెళ్లి చర్చిలోనే కావాలంటోంది, నాకు అభ్యంతరం లేదు. కానీ బిషప్ అనుమతి కావాలట, పుట్టబోయే పిల్లల గురించి మాట ఇవ్వాలట. నమ్మని విషయానికి నేను సంతకం పెట్టాలా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు పిల్లల గురించి మాట ఇవ్వనక్కర్లేదు. ఇచ్చేది ఆమె. కేథలిక్ సభ చట్టం ప్రకారం (1983 నాటి కానన్ లా, 1086వ నిబంధన) కేథలిక్ వ్యక్తికీ జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందని వ్యక్తికీ జరిగే పెళ్లి చెల్లాలంటే మినహాయింపు తీసుకోవాలి, అది బిషప్ కార్యాలయం నుంచి వస్తుంది. అందుకోసం ఆమె తన విశ్వాసాన్ని వదలనని, పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించి కేథలిక్కులుగా పెంచడానికి తన శక్తిమేరకు ప్రయత్నిస్తానని మాట ఇవ్వాలి. ఆమె ఇలా మాట ఇచ్చిందన్న సంగతి మీకు తెలియజేయాలి, పిల్లల విషయంలో 1125వ నిబంధన మీ నుంచి కోరేది అంతవరకే. ఒకప్పుడు ఇద్దరి చేతా హామీ తీసుకునేవారు, మామూలుగా రాతపూర్వకంగానే. 1970లో పోప్ ఆరవ పౌలు దాన్ని మార్చారు. ఆమె మాట నోటితో ఇవ్వాలా, కాగితం మీదా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, ఫాదర్‌ని అడగండి.

మిమ్మల్ని కూడా విడిగా కొన్ని అడుగుతారు. ఈ పెళ్లి జీవితాంతానికనే చేసుకుంటున్నారా, ఆమెకు నమ్మకంగా ఉంటారా, పిల్లలు అసలు వద్దనే ఉద్దేశం ఏమైనా ఉందా. వీటికి మాత్రం మొహమాటపడకుండా నిజం చెప్పండి, ఎందుకంటే వీటిలో ఏదైనా మనసులో తోసిపుచ్చి పైకి సరేనంటే, వాళ్ల లెక్కలో పెళ్లే చెల్లదు. మీ ఇద్దరి పెళ్లిని సభ చెల్లుబాటయ్యే వివాహంగా చూస్తుంది, సంస్కారంగా మాత్రం చూడదు. మామూలుగా దివ్యబలి పూజ (మాస్) లేకుండా జరుపుతారు. ఆమె బంధువులు ఆశ్చర్యపోతారు, ముందే చెప్పి ఉంచండి. ఇతర సంఘాల్లో ఇదంతా వేరుగా ఉంటుంది. ఆర్థడాక్స్ చర్చిలు బాప్తిస్మం లేనివారితో పెళ్లి జరపవు, ఇంగ్లండ్ చర్చి అయితే బాప్తిస్మం అడగదు.

సంతకం లేదు కదా అని ఊపిరి పీల్చుకుని వదిలేయకండి. ఆమె ఇచ్చే మాట కూడా రేపు మీ ఇంట్లోనే అమలవుతుంది. 'శక్తిమేరకు' అంటే నీ ఉద్దేశంలో ఎంతవరకు అని ఆమెనే అడగండి, నేను అడ్డుపడితే ఏం చేస్తావు అని కూడా అడగండి, పెళ్లి తేదీ ఖాయం కాకముందే. బిడ్డ జ్ఞానస్నానం నాడు మీరు పక్కన నిలబడగలరా లేదా? ఈ ఒక్క ప్రశ్నకు ఇద్దరూ నిజాయితీగా జవాబు చెప్పుకుంటే మిగతావాటికి దారి దొరుకుతుంది.

ప్రశ్న: మా పెళ్లి ఇద్దరు విశ్వాసుల మధ్యే జరిగింది. పదకొండేళ్లయింది. రెండేళ్లుగా నాలో విశ్వాసం లేదు. ఎవరో చెడగొట్టలేదు, చదివి, ఆలోచించి, ప్రార్థించి కూడా చివరికి ఏమీ మిగల్లేదు. ఇప్పటికీ సండే స్కూల్లో పిల్లలకు పాఠం చెబుతున్నాను, ఇంట్లో కుటుంబ ప్రార్థన నేనే నడిపిస్తున్నాను. మా ఆవిడకు తెలిస్తే తట్టుకోలేదు. ఇలాగే ఉండిపోవడం మేలా?

జవాబు: పైన చెప్పిన డార్విన్‌కు పెళ్లికి ముందు వాళ్ల నాన్న మీకు నచ్చే సలహానే ఇచ్చాడు. ఆయన వైద్యుడు, చాలా ఇళ్లు చూసినవాడు. నీ సందేహాలు భార్యకు తెలియనివ్వకు, భార్యకో భర్తకో ఆరోగ్యం చెడినప్పుడు భర్త ఆత్మ ఏమవుతుందోనని ఆడవాళ్లు కుమిలిపోవడం చూశాను అన్నాడు. కొడుకు ఆ సలహా వినలేదు, ఎమ్మాకు చెప్పేశాడు. ఆమెకు నొప్పి కలిగింది, ఇద్దరి మధ్యా ఏదో వెలితి ఉంటుందేమోనని భయపడింది కూడా. అయినా దాచనందుకు అతనికి కృతజ్ఞత చెబుతూ ఉత్తరం రాసింది.

ఇలాగే ఉండిపోవడం మేలు కాదండీ. మీ ఆవిడ రోజూ రాత్రి మీ ప్రార్థనకు ఆమెన్ అంటోంది. ఆ ఆమెన్ ఎవరితో కలిసి అంటున్నానో ఆమెకు తెలియాలి. రెండేళ్లు మీరు ఒంటరిగా ఎంత నలిగారో నేను ఊహించగలను, నమ్మకం పోవడం కూడా ఒక చావు లాంటిదే, దానికి పరామర్శకు ఎవరూ రారు. కానీ దాచిన ప్రతి నెలా రేపు ఆమె లెక్కలోకి వస్తుంది.

చెప్పేటప్పుడు కొన్ని చూసుకోండి. గొడవపడుతున్నప్పుడు నోరుజారి చెప్పేయకండి. శనివారం రాత్రి చెప్పకండి, తెల్లారితే ఆమె అందరి ముందూ నవ్వుతూ కూర్చోవాలి. పిల్లలు లేని పూట చూసుకుని, మారనివి ఏవో ముందు చెప్పండి, నువ్వు, పిల్లలు, ఈ ఇల్లు. ఆ తర్వాత అసలు విషయం. మీరు చదివినవి, మిమ్మల్ని ఒప్పించిన కారణాలు ఆ రోజున ఆమె చేతిలో పెట్టకండి. ఆమె కోపగించుకోవచ్చు, వెంటనే పాస్టర్ గారికి ఫోన్ చేద్దామనవచ్చు, కొన్నాళ్లు మౌనంగా ఉండిపోవచ్చు. వీటన్నిటికీ సమయం ఇవ్వండి. మీరు రెండేళ్లలో చేరుకున్న చోటికి ఆమె ఒక్క సాయంత్రంలో రావాలనుకోవడం భావ్యం కాదు. ఆమెకు తోడుగా ఒక నమ్మకమైన మనిషి కావాలి, ఎవరికి చెప్పుకోవాలో ఆమెనే తేల్చుకోనివ్వండి.

సండే స్కూలు మాత్రం మానుకోండి. నమ్మనిది నమ్మినట్టు చిన్నపిల్లలకు చెప్పడం మీకూ మంచిది కాదు, పంపిస్తున్న తల్లిదండ్రులకూ అన్యాయమే. అయితే ఆమెకు చెప్పాకే మానండి. ఆమె ఆ సంగతి మందిరంలో వేరేవాళ్ల నోట వినకూడదు. కుటుంబ ప్రార్థన ఇక ఆమె నడిపిస్తుంది, ఆమెకు ఇష్టమైతే మీరూ పక్కన కూర్చోండి. మందిరానికి తోడు వెళ్లాలనిపిస్తే వెళ్లండి, కానీ మీరు ఏ మనసుతో వస్తున్నారో ఆమెకు తెలిసి ఉండాలి.

ఆమె మొదట అడిగే ప్రశ్న బహుశా 'ఎందుకు?' అని కాదు, 'ఎప్పటి నుంచి?' అని. ఆ ప్రశ్నకు సిద్ధపడి వెళ్లండి. రెండేళ్లను ఈమధ్యే అని తగ్గించి చెప్పకండి.